బోను కింద మూడో నంబరు పళ్ళెం

నేను ఒక పళ్ళాన్ని. అన్నం తినే పళ్ళెం అనుకునేరు, కాదు. పంది బోను కింద పెట్టే స్టీలు రేకు పళ్ళాన్ని. పంది తిన్నాక దాని ఒంటికి అక్కర్లేనిదంతా నా మీద పడుతుంది. ఏం పడిందో, ఎంత పడిందో తూచి, పంది ఒంట్లో ఎంత నిలిచిందో మనుషులు లెక్క కడతారు. అంటే నా పుట్టుకే అనుమానం మీద జరిగింది. తిన్నదంతా వంటబట్టిందని పంది మాట మీద నమ్మేవాళ్ళయితే నన్ను చేయించి ఉండేవాళ్ళు కారు.

నన్ను చేసింది ఖాసిం సాయిబు. బస్టాండు వెనక ఆయనకు రేకుల దుకాణం ఉండేది. నాకు నాలుగు వైపులా బెత్తెడు అంచు, ముందు ఒక పిడి, ఒక మూలకు వాలు, ఆ మూలలో ఒక బొక్క, పైన సన్న జల్లెడ. జల్లెడ మీద పెంట ఆగాలి, మూత్రం కిందికి జారి బొక్కలోంచి బకెట్లో పడాలి. ఈ సంగతి సాయిబుకు ఎవరూ చెప్పలేదు. ఆయన నన్ను మిఠాయి దుకాణం పళ్ళెం అనుకున్నాడు.

"మైసూర్‌పాకు పోసే పళ్ళానికి బొక్క ఏమిటికి సార్?" అని పని తెచ్చిన గుత్తేదారును అడిగాడు.

"ఆసుపత్రికి," అన్నాడు గుత్తేదారు.

"ఆసుపత్రిలో మైసూర్‌పాకు పోస్తారా?"

పందుల మాట ఎత్తితే సాయిబు పని ఒప్పుకోడేమోనని గుత్తేదారు అనుమానం. బొక్క పెట్టించుకుని, రేపు బొక్క ఉన్న పళ్ళెం చేశావని తన పనికే వంక పెడతాడేమోనని సాయిబు అనుమానం. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే సుత్తి పక్కకు పడి నా కుడి అంచు కొద్దిగా వంగింది. "ఇది కనపడదులే," అన్నాడు సాయిబు. నిజమే, కనపడదు. వినపడుతుంది. ఆనాటి నుంచి నన్ను ఏ గాడిలోకి తోసినా, ఏ గాడిలోంచి లాగినా కిర్రుమని అరుస్తాను. నాకు దక్కిన మాట అదొక్కటే. నా పిడి మీద మూడో నంబరు పొడిచి, నాతోపాటు పుట్టిన మరో ముగ్గురితో కలిపి గోనెసంచిలో చుట్టి ఆటోలో ఎక్కించారు.

మేము దిగింది కొండ వారగా ఉన్న ఒక పందుల పరిశోధన కేంద్రంలో. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళు నన్ను అనుమానిస్తారు.

కొట్టంలో ఒకే ఇనుప చట్రానికి నాలుగు బోనులు అతికించి ఉన్నాయి. ఒక్కో బోనులో ఒక ఎదిగే పంది. చట్రానికి ఒక వైపు మేత తొట్లు, తొట్ల మీద బోను నంబర్లు. రెండో వైపు మా పళ్ళేలు దూర్చే గాడులు, మా పిడుల మీద మా నంబర్లు. రెండు వైపులా నడవడానికి సన్నని దారులు. ఈ వైపు నిలబడితే ఆ వైపు కనపడదు, పందులు అడ్డం. కాబట్టి మేత వైపు ఎప్పుడూ చదువుకున్నవాళ్ళు ఉండేవాళ్ళు, పెంట వైపు ఎప్పుడూ సుంకులమ్మ ఉండేది. అట్లా ఉండాలని ఏ గోడ మీదా రాసి లేదు, అయినా ఒకరి దారిలోకి ఇంకొకరు పోవడం నేను చూడలేదు.

సుంకులమ్మకు యాభై దాటి ఉంటాయి. వాళ్ళది తరతరాలుగా పందులు పెంచిన ఇల్లు. కేంద్రంలో కూలికి పనిచేసేది. ఆ కూలి మీద ఆమె, కళ్ళు కనపడని వాళ్ళమ్మ బతికేవాళ్ళు. పొద్దున్నే వచ్చి మమ్మల్ని ఒక్కొక్కరినే లాగి, జల్లెడ మీది పెంటను గీకి మా మా నంబరు రాసిన సంచుల్లోకి ఎత్తి, మమ్మల్ని కడిగి, తుడిచి తోసేది. నేను కిర్రుమంటే "ఏందే, నీకొక్కదానికే వచ్చిందా నొప్పి?" అని గదిమేది. పందులతోనూ అదే వరస. "తిను తిను, నువ్వు తినేదంతా కాగితాల్లోకే పోతాది," అనేది.

మేత వైపు ప్రసూన. గుంటూరు వైపు నుంచి వచ్చి డాక్టరేటు కోసం పరిశోధన చేసే పిల్ల. సన్నగా, వేగంగా ఉండేది. పందులంటే భయం లేదు గాని మనుషుల మీద నమ్మకం తక్కువ. మేత తూచడం ఇంకొకరికి ఇచ్చేది కాదు. తొట్టిలో మిగిలిన నూకను కూడా తనే ఊడ్చి తూచుకునేది.

ఆమె పరిశోధన భాస్వరం మీద. ఎముకలు గట్టిపడడానికి భాస్వరం కావాలి. మొక్కజొన్నలో, సోయా చెక్కలో, తవుడులో అది ఉండనే ఉంది. అయితే తాళం వేసిన పెట్టెలో ఉన్నట్లు ఉంటుంది. ఆ తాళం తీసే శక్తి పంది కడుపుకు చాలినంత లేదు. అందుకని చాలావరకు పెంటలో బయటికి పోతుంది. వాన వస్తే ఆ పెంట కడిగిన నీళ్ళు వాగులో కలుస్తాయి, వాగు పచ్చగా నాచు పట్టి చేపలు తేలిపోతాయి. మేతలో ఒక ఎంజైము పొడి కలిపితే తాళం ఊడుతుందని, భాస్వరం పంది ఒంట్లోనే నిలుస్తుందని పుస్తకాల మాట. అది మన మేతలతో, మన ఎండల్లో ఎంతవరకు నిజమో తేల్చాలి. ఒకటి, రెండు బోనుల్లో పందులకు మామూలు మేత. మూడు, నాలుగు బోనుల్లో వాటికి పొడి కలిపిన మేత. లోపలికి పోయిందెంత, మా మీద పడిందెంత, బకెట్లో చేరిందెంత. మిగిలింది ఒంట్లో ఉన్నట్టు. నాకు ఈ లెక్క నచ్చింది. ఇందులో ఎవరి మాటా నమ్మే అవసరం లేదు.

ప్రసూన ప్రయోగం మొదలుపెట్టక ముందే, ఆ వేసవిలో, కొట్టంలో రెండు పందులు చచ్చిపోయాయి. పైన రేకుల కప్పు, లోపల చెడిపోయిన ఫ్యాను. నా అనుమానం ఫ్యాను మీద. కేంద్రం అధికారి డాక్టర్ వేదాద్రి అనుమానం వేరే. ఆయన ఒక వాస్తు సిద్ధాంతిని జీపులో తీసుకొచ్చాడు. ప్రసూన బంధువుల పెళ్ళికి పోయి ఉంది. సుంకులమ్మ తల్లిని కంటి ఆసుపత్రికి తీసుకుపోయి ఉంది.

సిద్ధాంతి ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని కొట్టమంతా చూశాడు. తొట్ల దగ్గర ఆగిపోయాడు.

"దక్షిణం మొహం పెట్టి భోజనమండీ! ఇంకేం బతుకుతాయి?"

"పందులకు కూడా వర్తిస్తుందంటారా?" అన్నాడు వేదాద్రి.

"జీవి జీవే కదండీ. ఉత్తరానికి తిప్పించండి, తర్వాత మీరే ఫోను చేస్తారు."

ఆ మధ్యాహ్నమే తిప్పించాడు. పందులను బయటి దొడ్లోకి తోలారు. మమ్మల్ని నలుగురినీ లాగి గోడకు ఆనించారు. వాచ్‌మన్ ఓబులేసు, తోటపని వాళ్ళు కలిసి చట్రాన్ని మొత్తంగా ఎత్తి, ఇటు కొస అటు, అటు కొస ఇటు వచ్చేట్టు తిప్పి దించారు. ఇంతకు ముందు తలుపు పక్కన ఒకటో బోను ఉండేది. ఇప్పుడు తలుపు పక్కకు నాలుగో బోను వచ్చింది. తర్వాత చట్రానికి పసుపు కుంకాలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. "ఆ కొబ్బరి ముక్కలు పందులకు పెట్టకండి, ప్రయోగం చెడిపోతుంది," అని వేదాద్రి జాగ్రత్త చెప్పాడు. ఆ జాగ్రత్తతోనే శుభకార్యం తన చేతి మీదుగా కావాలని మమ్మల్ని స్వయంగా తలుపు దగ్గర నుంచి తోయడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వరుసగా తోశాడు. ఒకటో పళ్ళెం నాలుగో బోను కిందికి పోయింది. రెండోది మూడో బోను కిందికి. మూడో నంబరు దాన్ని, నేను, రెండో బోను కిందికి. కిర్రుమని అరిచాను. "గ్రీజు పెట్టండి దీనికి," అన్నాడు.

గ్రీజు పెట్టడం అందరూ మరిచిపోయారు. ఆ సాయంత్రమే కరెంటు మనిషి వచ్చి ఫ్యాను బాగుచేశాడు. తర్వాత ఒక్క పందీ చావలేదు. వేదాద్రి సిద్ధాంతికి ఫోను చేశాడు.

ప్రసూన తిరిగి వచ్చి చట్రం తిరిగిందని చూసింది, నవ్వుకుంది. తొట్ల మీద నంబర్లు చూసింది. అవి చట్రానికి అతికించినవి, ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ నంబర్ల ప్రకారం పందులను బోనుల్లోకి ఎక్కించి, ఆ నంబర్ల ప్రకారం మేత పోసింది. సుంకులమ్మ తన వైపు చూసుకుంది. తలుపు నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాయి. మా నంబర్ల ప్రకారం సంచుల్లోకి ఎత్తింది. ఒక్కరైనా తప్పు చేశారా అంటే చేయలేదు. నా మీద పడేది మామూలు మేత తిన్న రెండో పందిది, అది పొడి మేత తిన్న మూడో పంది పేరున సంచిలోకి పోయేది. నేను పొద్దున్నే కిర్రుమనేదాన్ని. "నోరు ముయ్యి," అనేది సుంకులమ్మ.

పెంట ఎండబెట్టి, పొడి కొట్టి, ప్రయోగశాలలో చూశారు. లెక్క తలకిందులుగా వచ్చింది. ఎంజైము పొడి తిన్న పందులే ఎక్కువ భాస్వరం పారేస్తున్నాయట. ప్రసూన నమ్మలేదు. మళ్ళీ చూసింది, అదే వచ్చింది. అప్పుడు కాగితాలు వదిలిపెట్టి మనుషుల వైపు చూడడం మొదలుపెట్టింది.

మర్నాడు సుంకులమ్మ కొంగు మీద తవుడు కనపడింది.

"ఇదేంటి సుంకులమ్మా?"

"తవుడు."

"తవుడని తెలుసు. ఎక్కడిది?"

"మా ఇంటిది. మాకు ఒక ఆడపంది ఉండాది పాపా, ఈనేదానికి ఉంది. దానికి కలిపి వచ్చినా."

"వీటికి ఎంత పెట్టావు?"

సుంకులమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని చీపురు కింద పెట్టింది. "నేను పెట్టల్యా. నువ్వు కొలిచి పోసేదానికి నేనేమిటికి పెడతా?"

"జాలిపడి. నువ్వే అన్నావుగా, బోనులో నిలబెట్టి చంపుతున్నారని."

"అంటి. అంటే పెట్టినట్లేనా? నువ్వు పొద్దున ఆ పొడుగు పందిని చావు పీనుగా అన్యావు. సంపినావా?"

ప్రసూన తిన్నగా వేదాద్రి గదికి పోయింది. తవుడులో తాళం పడిన భాస్వరం చాలా ఉంటుంది, దొంగచాటుగా పెడితే పెంటలో ఎక్కువ పడుతుంది. లెక్క కుదిరింది. మరి మామూలు మేత తిన్న పందులకు తక్కువ ఎందుకు పడిందని అక్కడ ఒక్కరూ అడగలేదు. దొంగ దొరికాక మిగతా లెక్క ఎవరికీ అక్కర్లేదు.

వేదాద్రి సుంకులమ్మను పిలిపించి కొట్టం గుమ్మం దగ్గరే నిలబెట్టి తీర్పు చెప్పాడు. "ప్రయోగం మళ్ళీ మొదటి నుంచి చేస్తారు. ఈసారి కూడా ఇట్లాగే వస్తే నువ్వు ఇక రానక్కర్లేదు."

"ఇట్లనే రాకపోతే?"

"అప్పుడు చూద్దాం."

అంటే లెక్క సరిగ్గా వచ్చినా ఆమె పెట్టడం మానేసిందని అర్థం, తప్పుగా వస్తే పెట్టిందని అర్థం. నా బతుకంతా అనుమానమే గాని, ఇంత బిగువైన అనుమానం నేనెన్నడూ చూడలేదు.

ఆ రోజు నుంచి కొట్టానికి తాళం పడింది. తాళంచెవి ప్రసూన సంచిలో. సుంకులమ్మ లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి కొంగు దులపాలి, సంగటి డబ్బా మూత తీసి చూపించాలి. మేత వైపు దారిలోకి అడుగు పెట్టకూడదు. ఈ చివరి కట్టడి విని నేను ఒక్కసారి మోగకుండా మోగాను. ఆమె ఆ దారిలోకి ఒక్కసారి పోయి తొట్ల మీద నంబరు చూసి ఉంటే చాలు, అంతా అక్కడే తేలిపోయేది.

సుంకులమ్మ "పాపా" అనడం మానేసింది. "మేడం" అంది. డబ్బా మూత తీసి, "సంగటి మేడం. చెనక్కాయల ఊరిబిండి మేడం. వేలు పెట్టి చూస్తారా మేడం, అడుగున పందేమన్నా ఉందేమో," అనేది. ప్రసూన మొహం పక్కకు తిప్పుకుని, అయినా కంటి చివర నుంచి చూసి, "సరే పద," అనేది. ఆ కంటి చివరి చూపు నాకు నచ్చలేదు. అది నా చూపే.

రెండో ప్రయోగం మొదలైంది. పెంట ఎత్తడం ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియడానికి ఒక పద్ధతి ఉంది. ఒక పూట మేతలో ఎర్ర పొడి కలుపుతారు. అది ఒంటికి పట్టదు, తిన్నది తిన్నట్టు బయటికి వస్తుంది. పెంట ఎర్రగా పడిన క్షణం నుంచి ఎత్తుకోవాలి. మొదటిసారి నాలుగింటికీ ఒకే పూట కలిపారు, నాలుగు పళ్ళేలూ ఎర్రబడ్డాయి, అనుమానం రాలేదు. ఈసారి మూడో బోనులో పందికి ఒళ్ళు వెచ్చబడి మేత ముట్టలేదు. అది కోలుకున్నాక పెడదామని ప్రసూన దానికి ఎర్ర పొడి కలపలేదు. మిగతా మూడింటికీ కలిపింది.

మర్నాడు సుంకులమ్మ నన్ను లాగింది. నా మీద పెంట ఎర్రగా ఉంది.

"మూడోది ఎర్రగా వేసింది మేడం," అని కేకేసింది.

"వేయదు. దానికి నేను పెట్టలేదు."

"వేసిందంటాంటే."

ప్రసూన చట్రం చుట్టూ తిరిగి పెంట వైపుకు రాలేదు. సంచి తెప్పించుకుని, మూడో నంబరు చూసి, లోపల ఎర్రదనం చూసింది. "ఎర్ర పొడి డబ్బా ఎక్కడ దొరికింది నీకు?"

"నాకా? డబ్బా నీ బీరువాలో. బీరువా తాళం నీ సంచిలో. కొట్టం తాళం నీ సంచిలో. నేను సంగటి డబ్బా కూడా నీకు చూపించి వస్తిని. ఇంగ నీ సంచిలో దూరి వచ్చినానా మేడం?"

ఈ మాటలు గుమ్మం దగ్గర వేదాద్రి విన్నాడు. ఆయన ముందు సుంకులమ్మను చూశాడు, తర్వాత ప్రసూన వైపు తిరిగాడు.

"తాళాలు అన్నీ నీ దగ్గరే ఉన్నాయి కదమ్మా."

"సార్?"

"ఏం లేదు. మొదటిసారి నువ్వు అనుకున్నట్టు రాలేదు. రెండోసారి వచ్చేట్టు చేసుకోవాలని ఎవరికైనా ఉంటుంది. అడుగుతున్నానంతే. రేపు నీ పరిశోధన గైడుగారితో కూర్చుని మాట్లాడదాం."

ఆయన వెళ్ళిపోయాడు. ప్రసూన తాళంచెవి సంచిలోంచి తీసి, దాన్ని చూసి, మళ్ళీ లోపల పెట్టింది. ఎక్కడ పెట్టినా అది తనదే. సుంకులమ్మ ఏమీ అనలేదు. అనడానికి ఎన్ని మాటలు ఉన్నాయో నాకు తెలుసు, అయినా అనలేదు. ఎందుకు అనలేదా అని అప్పుడు కూడా నేను ఆమెను అనుమానించాను.

కాసేపటికి ప్రసూన మేత వైపు దారిలోకి పోయి మూడో పంది తొట్టి ముందు నేల మీదే కూర్చుంది.

"సుంకులమ్మా, నా కళ్ళతో చూస్తాను. ఇది వేసినప్పుడు చెబుతాను. నువ్వు వెంటనే మూడో పళ్ళెం లాగు."

"నేను లాగితే మళ్ళ నేనే వేసినానంటావేమో."

"అనను."

సుంకులమ్మ నా పిడి పట్టుకుని కూర్చుంది. పంది తీరిక పందిది. ఎవరి పరువు పోతుందో దానికి పట్టదు. చాలాసేపటికి తోక ఎత్తింది.

"వేసింది! లాగు!"

సుంకులమ్మ లాగింది. కిర్రుమన్నాను.

"ఏం లేదు మేడం."

"నా కళ్ళ ముందే వేసింది!"

"నా కళ్ళ ముందు ఏం లేదు. కడిగిన పళ్ళెం కడిగినట్లే ఉండాది."

"మళ్ళీ తోసి లాగు."

తోసింది, కిర్రు. లాగింది, కిర్రు. ఈసారి ప్రసూన తల నా అరుపు వచ్చిన వైపు తిరిగింది. ఆమె ముందు నుంచి రావాల్సిన చప్పుడు పక్క బోను కింద నుంచి వచ్చింది.

"నేను ఇక్కడ కూర్చుంటే నువ్వు అక్కడెందుకు లాగుతున్నావు?"

"మూడోది ఈడుండాది."

"మూడోది ఇక్కడుంది!"

ఇద్దరూ ఆగిపోయారు. పంది ఒక్కటే నములుతోంది. తర్వాత ఇద్దరూ ఒకేసారి లేచారు. ప్రసూన తలుపు వైపు నుంచి పెంట దారిలోకి పరుగెత్తింది. సుంకులమ్మ కట్టడి మరిచిపోయి గోడ వైపు నుంచి మేత దారిలోకి పరుగెత్తింది. ఎవరి వైపు వాళ్ళు దాటిపోయారు. ఇప్పుడు ప్రసూన నా పిడి ముందు వంగి మూడో నంబరు చూస్తోంది. సుంకులమ్మ నా పైనున్న పంది తొట్టి మీద రెండో నంబరు చూస్తోంది. పందుల కాళ్ళ మధ్య నుంచి ఒకరికొకరు కనపడ్డారు.

"రెండు," అంది సుంకులమ్మ అటు నుంచి.

"మూడు," అంది ప్రసూన ఇటు నుంచి.

"తిప్పినోళ్ళు పళ్ళేలు తిప్పల్యా పాపా."

ఆ గాబరాలో "పాపా" అనేసింది. వెంటనే నోరు మూసుకుంది.

మొదటి ప్రయోగం సంచుల నంబర్లు సరిదిద్ది లెక్క మళ్ళీ చూస్తే, పొడి తిన్న పందులు మిగతావాటికంటే బాగా తక్కువ భాస్వరం పారేశాయి. పుస్తకాల మాట నిజమే. సుంకులమ్మ మాటా నిజమే.

మర్నాడు గైడుగారి ముందు వేదాద్రి, "పళ్ళేలు వరుస తప్పించి పెట్టింది ఎవరు?" అని గట్టిగా అడిగాడు.

ఓబులేసు చేతులు కట్టుకున్నాడు. "తమరే సార్. కొబ్బరికాయ కొట్టినాక."

"నేను వరుసగానే పెట్టానయ్యా."

అది కూడా నిజమే. ఆయన వరుసగానే పెట్టాడు. కాసేపు ఆలోచించి, "దిక్కులో తప్పు లేదు," అన్నాడు. తర్వాత మా నంబర్లు కొట్టేసి కొత్తవి పొడిపించమని చెప్పాడు. నా పిడి మీది మూడును అడ్డంగా గీకి, పక్కన రెండు పొడిచారు.

సుంకులమ్మ అక్కడే నిలబడి ఉంది. "సార్, నేను పనిలో ఉన్నట్లా, లేనట్లా?"

"ఉన్నట్లే. లేవని ఎవరన్నారు?"

ఆ ప్రశ్నకు అక్కడ ఉన్నవాళ్ళందరికీ సమాధానం తెలుసు.

సాయంత్రం ప్రసూన కొట్టం తాళంచెవి తెచ్చి సుంకులమ్మ చేతిలో పెట్టబోయింది. "ఇక మీ దగ్గరే ఉంచండి సుంకులమ్మక్కా."

సుంకులమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దు మేడం. తాళం నా కాడ ఉంటే రేపు ఏది పోయినా దొంగ నేనే. నిన్న తాళం నీ కాడ ఉంటే నీకెట్లయిందో చూసినావు గదా. నీకాడనే పెట్టుకో."

మర్నాడు పొద్దున ఆమె గుమ్మం దగ్గర ఆగింది. కొంగు దులిపింది. డబ్బా మూత తీసి ప్రసూన ముందు పట్టింది.

"అక్కర్లేదక్కా."

"నిన్నామొన్న అక్కర ఉండె గదా. చూడు మేడం."

"తప్పయిపోయింది."

"తప్పు సంగతి నాకెందుకు? నేను పనికి వచ్చినా. డబ్బా చూడు, లోపలికి పోతా."

ప్రసూన చూసింది. సుంకులమ్మ లోపలికి వచ్చింది. ఆ తర్వాతి పొద్దునా అంతే, ఆ తర్వాతా అంతే. కట్టడి తీసేసినా ఆమె గుమ్మం దగ్గర ఆగడం మానలేదు. ప్రసూన రోజూ చూడాల్సి వచ్చేది, ఈసారి కంటి చివర నుంచి కాదు, తిన్నగా. ఒక్కోరోజు ఆ పిల్ల గుమ్మం దగ్గరికి ఆలస్యంగా రావాలని చూసేది. సుంకులమ్మ మూత తీసిన డబ్బాతో అక్కడే ఎదురుచూస్తూ ఉండేది.

ఒకనాడు అట్లాగే డబ్బా ముందుకు వచ్చింది. ప్రసూన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అక్కడే గుమ్మం మీద కూర్చుంది. సంగటి ముద్ద కాస్త తుంచి, ఊరిబిండిలో అద్ది నోట్లో పెట్టుకుంది. ఇంకో ముద్ద తిన్నది. కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారానికేనా అని నాకు అనుమానం.

సుంకులమ్మ నిలబడే ఉంది. "పందుల కొట్టంలో పెంటెత్తేదాని చేతి కూడు తింటివే పాపా. ఇంట్లో చెప్తావా?"

"అడిగితే చెబుతా."

"అడగరులే," అని సుంకులమ్మ కొంచెం నవ్వింది. "సగం పెట్టు నాకు. పొద్దు గూకేదాకా నేనేం తినాల?"

మర్నాటి నుంచి ఆమె గుమ్మం దగ్గర ఆగలేదు. డబ్బాలో ముద్ద మాత్రం కాస్త పెద్దదయింది.

నేను ఆ తర్వాత చాలా ఏళ్ళు పనిచేశాను. మూత్రం చెడకుండా బకెట్లో పోసే ఆమ్లం చింది నా మూల బొక్క పెద్దదయింది, జల్లెడ తెగింది. కొత్త ప్లాస్టిక్ పళ్ళేలు వచ్చాయి. అవి చప్పుడు చేయవట. నాకు అదే అనుమానంగా ఉంది. ఇప్పుడు కొట్టం వెనక తుక్కు కుప్పలో, విరిగిన ఫ్యాను రెక్క పక్కన పడి ఉన్నాను. నా పిడి మీద గీకేసిన మూడూ ఉంది, పొడిచిన రెండూ ఉంది. తుక్కు కొనేవాడు మొన్న నన్ను ఎత్తి, బొక్క చూసి, "ఇదేం పళ్ళెం?" అన్నాడు. మళ్ళీ కుప్పలో వేశాడు.

ఖాళీగా పడి ఉన్నాను గనక ఒక లెక్క వేసుకుంటూ ఉంటాను. ఆ రోజుల్లో గుమ్మం దగ్గర సుంకులమ్మ ఒంట్లోకి అవమానం చాలా పోయింది. మాటల రూపంలో బయటికి వచ్చింది కొంత, నేను విన్నాను. మిగిలింది ఒంట్లో నిలిచినట్టు. భాస్వరమయితే ఎముకల్లోకి పోతుందంటారు. ఇది ఎక్కడికి పోయిందో, ప్రసూన తిన్న ఆ రెండు ముద్దలకు ఎంత కరిగిందో నాకు తెలియదు. నా మీద పడినదాన్నే నేను చూడగలను. అది నా మీద పడలేదు.